పెద్ద సంస్థలు కొన్నవని మనమును కొనవచ్చునా?

ఇంటిఖర్చులో మిగిల్చిన రొక్కమును కంపెనీ షేర్లలో నుంచు స్త్రీలు నేడు పెక్కుమంది కలరు. "ఫలానా షేరును పెద్ద ఫండులు కొనుచున్నవట, మనమును కొందము" అనుమాట పేరంటములయందును వినవచ్చుచున్నది. ఈ మాటలోని నిజమును మనమే పరిశీలించుకొనవచ్చును.

షేరుబజారులో నమోదైన ప్రతి కంపెనీయు, మూడునెలల కొకమారు, త్రైమాసికము ముగిసిన 21 దినములలోపల తన వాటాదారుల పట్టికను వెల్లడింపవలయునని సెబీవారి నిబంధన. ప్రమోటర్లనబడు యజమాన వర్గమునకెంత, మ్యూచువల్ ఫండులకెంత, బీమా కంపెనీలకెంత, విదేశీ సంస్థలకెంత వాటా కలదో యందు వేర్వేరుగా నుండును. బి.ఎస్.ఇ., ఎన్.ఎస్.ఇ. వెబ్‌సైట్లలో దీనిని ఉచితముగా చూడవచ్చును. క్రిందటి పట్టికతో పోల్చినచో ఎవరి వాటా పెరిగెనో, ఎవరిది తరిగెనో తెలియును.

అయితే రెండు సంగతులు మరువరాదు. మొదటిది కాలము. ఏప్రిల్ 1వ తేదీన జరిగిన కొనుగోలు జూలై 21వ తేదీవరకు ఈ పట్టికలో మన కంటబడకపోవచ్చును. అప్పటికి ఆ సంస్థ తిరిగి యమ్ముకొనియు నుండవచ్చును. రెండవది లెక్క. కోటి షేర్లలో 10 లక్షలు గల సంస్థ వాటా నూటికి 10 పాళ్లు. కంపెనీ మరి 25 లక్షల క్రొత్త షేర్లను ఇతరులకు జారీచేసినచో, ఆ సంస్థ యొక్కటియు నమ్మకున్నను, దాని వాటా 8 పాళ్లగును. కావున శాతముతోబాటు షేర్ల సంఖ్యనుగూడ చూడుడు.

ఇంతకును ఎవరు కొనిరో పట్టిక చెప్పును గాని యేల కొనిరో చెప్పదు. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ షేర్లలో అధికభాగము 2008లో స్వదేశ విదేశ సంస్థల చేతులలోనే యుండెను. లెక్కలు కల్పితములని 2009 జనవరి 7న కంపెనీ యధ్యక్షుడే యొప్పుకొనగా, ఆ దినముననే షేరు ధర నాల్గింట మూడువంతులకు పైగా పడిపోయెను. పెద్దల పాండిత్యము పెద్దలనే రక్షింపలేదు. కాని ప్రమోటర్ల వాటా 2001లో నూటికి 25 పాళ్లకు పైగా నుండి, 2008 నాటికి 9 పాళ్లకు లోబడెనని ఆ పట్టికలే చెప్పుచుండెను. ప్రమోటర్లు తాకట్టుపెట్టిన షేర్లనుగూడ వెల్లడింపవలెనని 2009లోనే నిబంధన వచ్చినది.

కావున పట్టికను తప్పక చదువుడు. ఫండుల వరుసనేగాక ప్రమోటర్ల వరుసను, తాకట్టు వివరమును చూడుడు. కంపెనీ లాభనష్టములను, అప్పులను విచారింపుడు. పిల్లల చదువునకై దాచిన సొమ్మును మాత్రము ఇతరుల యడుగుజాడలను నమ్మి షేర్లలో బెట్టకుడు.