వేలు మార్చుకోలేం కదా

ఆదివారం పొద్దున జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద కాఫీ తాగుతూ అమ్మకి ఫోన్ చేశాను. “ఇప్పుడు బ్యాంకు దాకా పోనక్కర్లేదురా, వీధిలోకే మిషను తెస్తున్నారు. వేలు పెడితే డబ్బులు” అంది సంబరంగా. నేను మాత్రం సంబరపడలేకపోయాను.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకాయన్ని పోలీసులు పట్టుకున్నారు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటిమీది వేలిముద్రలకి రబ్బరు స్టాంపుల మిషను మీద అచ్చులు తీశాడు. ఆధార్ నంబర్లూ ఆ కాగితాల్లోనే దొరికాయి. వాటితో వేలకొద్దీ సిమ్ములు యాక్టివేట్ చేశాడు. కంపెనీ టార్గెట్ కోసమట! పొలం అమ్ముకున్న రోజున వేసిన వేలిముద్ర ఇలా పనికొస్తుందని ఏ రైతు అనుకుంటాడు?

పాస్‌వర్డు నా బుర్రలో ఉంటుంది. వేలిముద్రని ఇందాక కాఫీ గ్లాసు మీద వదిలేసి వచ్చాను. పాస్‌వర్డు పోతే ఇంకోటి పెట్టుకుంటాను. వేలిముద్ర పోతే? మహా అయితే పదిసార్లు.

నిజమే, మన పాస్‌వర్డులూ అంతంతమాత్రమే. పిల్లల పేరు, పక్కన పుట్టినరోజు. ఫోను వరకూ వేలికి నేనూ ఒప్పుకుంటాను. ముద్ర వివరం ఫోన్లోనే ఉండిపోతుంది, దొంగకి ఫోనూ కావాలి, ముద్రా కావాలి. అయినా 2013లో ఐఫోన్ 5ఎస్ వచ్చిన కొద్ది రోజులకే జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్ళు గాజు మీది ముద్రని ఫోటో తీసి, నకలు చేసి, దాన్ని బోల్తా కొట్టించారు. ఆ మాటకొస్తే ఫోనే వేలిని పూర్తిగా నమ్మదు. ఆపి మళ్ళీ ఆన్ చేసి చూడండి, ముందు పాస్‌కోడే అడుగుతుంది.

ఇక్కడికి పక్కనే ఉన్న మలేషియాలో 2005లో వేలిముద్రతో స్టార్టయ్యే మెర్సిడెస్ కారుని దొంగిలించినవాళ్ళు యజమాని వేలే నరుక్కుపోయారు. పాస్‌వర్డయితే చెప్పేసి బతికిపోయేవాడు.

అందుకే అమ్మ ఆధార్ బయోమెట్రిక్‌కి తాళం వేద్దామని కూర్చున్నాను. డబ్బులు కావాల్సినప్పుడు కాసేపు తెరిస్తే చాలు. “నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పమ్మా” అన్నాను.

“ఎవరడిగినా చెప్పొద్దన్నది నువ్వే కదరా?”

వీడియో కాల్ చేసి మొహం చూపిస్తేగానీ చెప్పలేదు.