జేజి పాట మీద 'గీతాంజలి'

రిటైరైనప్పటి నుంచి మా ఆయనకు కొత్త పని ఒకటి దొరికింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకొని మా కర్నూలు ఇంటి వరండాలో కూర్చుంటారు. ఫోన్లో మా కాలం పాట పెట్టి, "ఆ రోజులే వేరబ్బా" అంటారు. ఆయన వాట్సాప్ గుంపులో అందరిదీ ఇదే వరస. ఒకరు శుక్రవారాల్లో టీవీలో వచ్చిన చిత్రలహరి గురించి రాస్తారు. ఇంకొకరు 1983లో దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారి ఫొటో పెడతారు. మరొకరు ఢిల్లీ నుంచి రేడియోలో వార్తలు చదివిన మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మి గారి గొంతు తలుచుకుంటారు. నాకు మాత్రం ఒకటే అనుమానం. ఆ పాటలన్నీ అరచేతిలో పెట్టుకొని, పోయినాయని ఏడవడం దేనికి?

నాకూ ఆ బెంగ లేదని కాదు. మైదుకూరు దగ్గర కేసీ కెనాల్ కింద మా ఊరు. 1987లో రామాయణం మొదలైనప్పుడు ఊరికంతా ఒకటే టీవీ. ఆదివారం పొద్దున వాళ్ళింటి ముందు చెప్పుల గుట్ట. హిందీ ఎవరికీ రాదు. వచ్చింది ఒక్క టైలరు మామకే. సాయిబుల ఇంటి మనిషి. ఆయన టీవీ పక్కన నిలబడి దశరథుడి మాటలూ కైకేయి మాటలూ మన కడప యాసలో చెప్పేవాడు. "యాడికి పోతావు రామా, నన్నిడిసిపెట్టి" అని ఆయన అంటే ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవాళ్ళు. ఉగాది నాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి దర్శనానికి ముస్లింలు వరస కట్టే జిల్లా మాది, కాబట్టి ఇందులో వింతేమీ మాకు తోచలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దూరదర్శన్ అదే రామాయణం మళ్ళీ వేసింది. అన్నం ముందు పెట్టుకొని చూశాను. చప్పగా ఉంది. నేను ఎదురు చూసింది రాముడి కోసం కాదని, టైలరు మామ కోసమని అప్పుడు తెలిసింది.

అంతా బంగారమనీ అనను. ఆ టీవీ ఉన్న ఇంటి గడప లోపలికి ఊళ్ళో అందరినీ రానిచ్చేవాళ్ళు కాదు. కొందరు పిల్లలు రామాయణమంతా కిటికీ బయట నిలబడే చూశారు. వాళ్ళలో ఒకామె తర్వాత నాతోపాటే టీచరుగా పనిచేసింది. "ఆ రోజులే వేరు" అని ఎవరైనా అంటే ఆమె ఏమీ అనదు, లేచి పోయి టీ పెడుతుంది.

నాకు నిజంగా బెంగ ఉన్నది కడప రేడియో మీద. 1963లో మొదలైన కేంద్రం అది. మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్. సాయంత్రం విత్తనానికి సెనక్కాయలు వలుచుకుంటూ మా జేజి (మా నాయనమ్మ), అమ్మ, పక్కింటి పెద్దమ్మ వినేవాళ్ళు. రైతుల కార్యక్రమంలో ఎర్రగొంగళి పురుగుకు ఏ మందు కొట్టాలో చెప్పేవాళ్ళు. అడిగే రైతు "ఈడ", "ఆడ", "యాల" అంటుంటే స్టూడియోలో ఎవరూ దిద్దేవాళ్ళు కారు. పల్లెల్లోని కోలాటం, చెక్కభజన, కలుపుతీత పాటలు అందులో వచ్చేవి. మన మాట మామూలు మాటగా వినబడిన చోటు నాకు తెలిసి అదొక్కటే.

సినిమా మా మాటను ఏం చేసిందో చెప్పక్కర్లేదు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన ఆట తర్వాత కర్నూలు, కడప అంటే సుమోలు, వేటకొడవళ్ళు, నాటుబాంబులు. మా పిల్లోడు హైదరాబాద్ హాస్టల్లో చేరిన మొదటి రోజే "మీ ఇంట్లో ఎన్ని బాంబులున్నాయి?" అని అడిగారంట. ఇప్పుడు వాడి ఈడు వాళ్ళకు పాత జ్ఞాపకాలంటే అవే సినిమాలు. కర్నూలుకు వచ్చిన చుట్టాల పిల్లలు కొండారెడ్డి బురుజు కాడ నిలబడి, 2003 నాటి 'ఒక్కడు'లో మహేశ్‌బాబు ప్రకాశ్‌రాజ్‌ను కొట్టింది ఎక్కడని అడుగుతారు. నేనూ వేలు పెట్టి చూపిస్తాను, ఏం చేసేది? ఆ బురుజు 1953 నుంచి మూడేళ్ళు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరిదా అని వాళ్ళు అడగరు, నేనూ చెప్పను.

మా మాటకు సినిమా చేసింది అది. ఇక నేను చేసిన పని. మా చిన్నాయన కువైట్‌లో ఉండేవాడు. కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. ఉత్తరాలు చదవడం రాని జేజికి ఆయనొక టేప్‌రికార్డరు తెచ్చిచ్చాడు. జేజి క్యాసెట్లో మాట్లాడితే, ఆ పక్కకు పోయేవాళ్ళ చేత పంపేవాళ్ళం. బర్రె ఈనింది, బోరులో నీళ్ళు పడలేదు, నీ కూతురికి జ్వరం తగ్గింది అని వరసగా చెప్పి, చివర్న ఒక పాట పాడేది. బావి ఎండిపోయిన ఏడు నీళ్ళకు పోయిన కోడలితో ఆ బావి మాట్లాడే పాట. నేను ఇంకెక్కడా వినలేదు దాన్ని. చిన్నాయన సెలవుకు వచ్చినప్పుడు ఆ క్యాసెట్టు భద్రంగా తెచ్చి ఇంట్లో పెట్టాడు.

1989లో 'గీతాంజలి' వచ్చింది. ఇళయరాజా పాటలు, బాలు గొంతు. (ఆ బాలు చేత 1966లో మొట్టమొదట సినిమా పాట పాడించింది మా జిల్లా సింహాద్రిపురం పద్మనాభమే. మేమేం తక్కువ కాదు.) కొత్త క్యాసెట్టు కొనే డబ్బులు లేవు. ఇంట్లో ఉన్నదొకటి తీసుకొని కడపలో పాటలెక్కించే అంగడికి పోయినాను. ఆ అన్న అడిగాడు కూడా, "ఇందులో ఏమన్నా ఉందామ్మా?" అని.

"ఏం లేదన్నా, ఎక్కించు" అన్నాను.

క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రేకు విరగ్గొట్టేస్తే దానిమీద ఇంకేదీ ఎక్కదు. అది ఇంట్లో ఎవరికీ తెలియదు. జేజి పాట పోయింది. చివర్న కొంచెం టేపు మాత్రం మిగిలింది. 'గీతాంజలి' అయిపోయి కాసేపు గర్రుమని శబ్దం, తర్వాత జేజి దగ్గు, "అయిపాయనా నాయనా?" అనే మాట. అంతే. దానికోసమే ఆ క్యాసెట్టు ఇరవై ఏళ్ళు దాచాను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు మీద పడ్డప్పుడు బీరువా అడుగున ఉన్న డబ్బా అంతా బురదైపోయింది. మిద్దె మీద ఆరబెట్టాను. టేపు గడ్డకట్టి విరిగింది.

ఈ తప్పు నా ఒక్కదానిదే అయితే పేపరుకు రాయను. బీబీసీ అంతటి సంస్థే 1960ల నాటి 'డాక్టర్ హూ' సీరియల్ భాగాలు ఎన్నిటినో చెరిపేసింది. ఆ పోయిన భాగాల మాటలైనా ఈరోజు వినగలుగుతున్నారంటే, ఆ రోజుల్లో ఇంట్లో టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టుకున్న కుర్రవాళ్ళ పుణ్యం. మన పల్లెల్లో కూడా రేడియో పక్కన టేపు పెట్టిన ఇళ్ళు ఉంటాయి. కువైట్‌కు పోయివచ్చిన క్యాసెట్లు అటక మీద ఉంటాయి.

కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. బ్రౌన్ దొర కాపురమున్న బంగళా జాగాలోనే కట్టారు. ఎవరూ లెక్కచేయని రోజుల్లో ఆయన సొంత జీతం పెట్టి, పండితులను కూర్చోబెట్టి వేమన పద్యాలూ తాళపత్ర గ్రంథాలూ ఎత్తి రాయించాడు. ఆ గ్రంథాలయంలో ఒక అల్మరా క్యాసెట్లకు కావాలి. ఒక పాత టేప్‌రికార్డరు, దాన్ని కంప్యూటరులోకి ఎక్కించడం తెలిసిన ఒక పిల్లోడు చాలు. కడప ఆకాశవాణి దగ్గరున్న పల్లె పాటల టేపులు కూడా అందులో చేరి, ఎవరైనా వినేటట్లుండాలి. సినిమా పాటల గురించి ఎవరూ బెంగ పడక్కర్లేదు, వాటిని కాపాడేవాళ్ళు వాటిని అమ్ముకునేవాళ్ళే.

ఈ పొద్దున మా ఆయన 'గీతాంజలి' పెట్టారు. పాట అయిపోతుంటే చేతిలో పని ఆపి నిలబడ్డాను. ఫోన్లో వెంటనే ఇంకో పాట మొదలైంది.