తయారు కావాల్సింది మన పిల్లలా, బడా?

చిన్నపిల్లల్ని బడికి ‘తయారు’ చేసే బొమ్మల పుస్తకాలు బజారు నిండా ఉన్నాయి. తిప్పి చూడండి. బాబు లేస్తాడు, పళ్ళు తోముకుంటాడు, అమ్మ టిఫిన్ డబ్బా కడుతుంది, నాన్న స్కూటర్ మీద దింపుతాడు, టీచరమ్మ నవ్వుతా ఎదురొస్తుంది. చివరి పేజీలో అందరూ ఫ్రెండ్సే. భయం పోయింది, కథ అయిపోయింది.

ఎవరి బాబు? తల్లి తెల్లారకముందే కలుపుకి పోతే, అక్క మొహం కడిగి చెయ్యి పట్టుకుని తోలుకొచ్చే మా గూడెం పిల్లోడు ఏ పేజీలో ఉన్నాడు? ‘ఆ’ అంటే ఆవు అని బొమ్మ వేస్తారు. బాగానే ఉంది. ఆ ఆవు చస్తే ఊరవతలకి ఈడ్చింది మా తాతలు. దాని తోలు కుట్టిన ఆరె కూడా ‘ఆ’తోనే మొదలవుతుంది కదా! ఆ బొమ్మ వెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. తన ఇంటి వస్తువు ఒక్కటీ బొమ్మల్లో కనపడని పిల్లోడు బడి గడప తొక్కకముందే తన ఇల్లు చూపించుకోదగ్గది కాదని నేర్చుకుంటాడు.

2021లో ఎన్‌సీఈఆర్‌టీ ‘విద్యాప్రవేశ్’ పేరుతో ఒకటో తరగతి పిల్లలకి మూడు నెలల ఆటపాటల కార్యక్రమం తయారుచేసింది. ఆటపాటలు ఉండాల్సిందే, మేం కాదనం. కానీ బాబాసాహెబ్ సతారా బడిలో, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద వేరుగా కూర్చున్నాడు. ప్యూన్ కుళాయి తిప్పితేనే నీళ్ళు, ప్యూన్ లేకపోతే దాహమే. ఆ పిల్లోడికి ఏ బొమ్మల పుస్తకం చూపిస్తే ఆ దాహం తీరేది? ఆయన చదువుకి తయారుగానే వచ్చాడు. బడే తయారుగా లేదు.

పాత కథ అంటారా? మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా బడి ఒకదాంట్లో దళిత స్త్రీ వండిన అన్నం పెద్దకులాల పిల్లలు ముట్టలేదు. ఆమెని పనిలోంచి తీసేశారు, గోల అయ్యాక మళ్ళీ పెట్టుకున్నారు. ఆ అంటు పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. ఇళ్ళల్లో ఎక్కించి పంపారు.

బొమ్మల పుస్తకం ముందు వాళ్ళకి కావాలి! మన అత్త గరిటెతో వడ్డిస్తుంటే పళ్ళెం చాపిన పెద్దకులం పిల్ల బొమ్మ వెయ్యండి. ఒకే కుండలో గ్లాసు ముంచుతున్న ఇద్దరి బొమ్మ వెయ్యండి. ఏ పేట నుంచి వచ్చావని అడక్కుండా మన పిల్లని ముందు బల్ల మీద కూర్చోబెట్టే పంతులు బొమ్మ కూడా వెయ్యండి, ఆ పంతులు కూడా చూస్తాడు.

హైదరాబాదు ‘అన్వేషి’ వాళ్ళు 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ వరసలో గోగు శ్యామల లాంటి వాళ్ళ కథలు పిల్లల కోసం తెచ్చారు. మంచి పని. అవి చదవడం వచ్చిన పిల్లలకి. ఇంకా పలక పట్టనోళ్ళ సంగతి మిగిలే ఉంది.

ఏప్రిల్ 14కి గోడల మీద బాబాసాహెబ్‌ని గీసే తమ్ముళ్ళు మనకి ప్రతి ఊళ్ళో ఉన్నారు. తమ్ముళ్ళారా, జూన్‌లో బడి తెరిచేలోపు పదహారు పేజీల బొమ్మలు గీసి పంపండి. అచ్చు సంగతి మేం చూసుకుంటాం.