లఘువు స్థానంలో గురువు

మా ఇంట్లో ఒక అంబాసిడరు కారున్నది. 1976 నాటిది. 1984లో మా నాన్నగారు ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నారు. ఆయన ప్లీడరు. కక్షిదారులు ఫీజు ఎగ్గొట్టారేమో గాని, ఈ కారు మాత్రం తనను ఒక్కనాడూ నడిరోడ్డు మీద దింపలేదని చెప్పుకునేవారు. అది పూర్తిగా నిజం కాదని మా అమ్మకు తెలుసు. అయినా ఎదురు చెప్పేది కాదు.

నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. అన్నయ్య వాటాకు స్థలం వచ్చింది, నా వాటాకు కారు వచ్చింది. ఎవరి వాటా బాగున్నదో మా ఆవిణ్ణి అడగండి, తడుముకోకుండా చెబుతుంది.

మొన్న కార్తీకమాసంలో రాజమండ్రి నుంచి అన్నవరం బయలుదేరాం. అమ్మ, మా అత్తగారు, మా ఆవిడ, పిల్లలిద్దరు, నేను, వ్రతం సామాను. కొండ కింది దాకా బండి మర్యాదగానే వచ్చింది. ఎక్కడం మొదలుపెట్టాక మూలగసాగింది. వెనక నీలంగా పొగ. నిన్నగాక మొన్న పుట్టిన కార్లు హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోతున్నాయి. సగం కొండ ఎక్కేసరికి రేడియేటరు పొంగింది. అది చల్లారిందాకా రోడ్డు పక్కన కూర్చుని, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ దానికే పోశాం.

మావాడు ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నాడు. అక్కడే, ఆ రాళ్ళ మీదే ప్రస్తావన తెచ్చాడు.

“నాన్నా, దీనికి పెద్ద ఇంజను వేయించేద్దాం.”

“తాతగారి బండిరా అది!” అన్నాను.

“బండి తాతగారిదే. ఇంజను కంపెనీవాళ్ళే మార్చారు గదా. 1957లో అంబాసిడరు వచ్చినప్పుడు దాంట్లో ఉన్నది 1476 సి.సి. ఇంజను. రెండేళ్ళకే, 1959లో, అది తీసేసి 1489 సి.సి. ఇంజను పెట్టారు. మనది అదే. తర్వాత 1990లలో ఇసుజు వాళ్ళ 1817 సి.సి. ఇంజను పెట్టారు. 2014లో తయారీ ఆగిపోయేదాకా పై ఆకారం మాత్రం పెద్దగా మారనే లేదు. మనది ఏభై చిల్లర గుర్రాల బలం. అది డెబ్బై అయిదు!”

వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. డెబ్బై అయిదు గుర్రాలు అనేసరికి మా అత్తగారు కూడా వాడి పక్షానికి మొగ్గారు.

మర్నాడే షెడ్డుకు తీసుకువెళ్ళాం. అక్కడ ఒక కుర్ర మెకానిక్కు మా కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. తుక్కుకు పోయిన ఒక అంబాసిడరు నుంచి ఊడదీసిన ఇసుజు ఇంజను వాడి దగ్గర సిద్ధంగా ఉన్నది.

“సరిగ్గా కూచుంటాదండి మేష్టారూ. మౌంటింగులు కాస్త సర్దితే చాలు” అన్నాడు.

‘కాస్త సర్దితే చాలు’ అన్న మాట వింటే నాకు భయం. పద్యం రాసుకు వచ్చిన పిల్లలందరూ నాతో అనే మాటే అది. ఉత్పలమాలలో లఘువున్నచోట గురువు వేస్తారు. అర్థం బలంగా వచ్చిందంటారు. అర్థం బలంగానే వస్తుంది, గణం చెడుతుంది. ఆ గణం సరిచేయబోతే పక్క మాట కదులుతుంది. అది కదిలితే యతి తప్పుతుంది. చివరికి ఒక్క అక్షరం కోసం పాదమంతా తిరగరాయవలసి వస్తుంది.

ఇంజను సంగతీ అంతేనని పెద్ద మేస్త్రి చెప్పాడు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఈ బళ్ళే బాగుచేస్తున్నాడు. ఇంజను మారితే క్లచ్చీ, గేరు పెట్టే మారాలి. గేరు పెట్టె పొడుగు వేరైతే వెనక ఇరుసుకు పోయే షాఫ్టు కొలత మారుతుంది. దాన్ని కోసి అతికించి లేతు మీద సమతూకం చూడకపోతే వేగంలో బండి అంతా వణుకుతుంది. పెద్ద ఇంజను పుట్టించే వేడికి మా పాత రేడియేటరు చాలదు. పైగా మా బండికి గేరు కొయ్య స్టీరింగు కిందనే ఉన్నది. కొత్త గేరు పెట్టెతో అది నేల మీదికి, ముందు సీటు మధ్యకు వస్తుంది.

ఈ ఆఖరి మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ ముందు సీటు బల్లలాగా ఒక్కటే సీటు. నా చిన్నతనమంతా ఆ మధ్య చోటులోనే గడిచింది. ఒక పక్క నాన్నగారు, ఒక పక్క అమ్మ. ఆ చోటే ఇకనుంచి గేరు కొయ్యది.

కాని ఈ కారణం చెప్పి మావాణ్ణి ఒప్పించలేను. నాకూ తెలుసు, అది కారణం కాదు, బెంగ.

మేస్త్రి మావాడి మొహం చూశాడు. “ఇంజను మార్చిన బండి ఒకటి బ్రేకుల కోసం వచ్చింది. ఎక్కు బాబూ, చూద్దువుగాని” అన్నాడు. అదీ మా బండి ఈడుదే. యజమాని ఇసుజు ఇంజను వేయించుకున్నాడు గాని, బ్రేకులు మాత్రం పాతవే ఉంచేశాడు. నేనూ ఎక్కాను.

దివాన్‌చెరువు దాటేదాకా ఏం పరుగనుకున్నారు! మావాడి కళ్ళు మెరుస్తున్నాయి. నిజం చెప్పొద్దూ, నాకూ హుషారు పుట్టింది. మేస్త్రి ఎనభై దాకా పోనిచ్చి బ్రేకు వేశాడు. ఆగింది. మళ్ళీ ఎనభై, మళ్ళీ బ్రేకు. ఈసారి ఇంకాస్త దూరం పోయి ఆగింది. మాడు వాసన వేసింది. డ్రమ్ములు కాగిపోతే లోపలి లైనింగు పట్టు సడలుతుందట. మూడోసారి మేస్త్రి పరీక్ష కోసం బ్రేకు వేయలేదు. సైకిలు మీద ఒక కుర్రాడు అడ్డంగా వచ్చాడు. మేస్త్రి రెండు కాళ్ళతో తొక్కినంత పని చేశాడు. బండి ఆ సైకిలుకు బారెడు దూరంలో ఆగింది. కుర్రాడు మావాడి కంటె చిన్నవాడు. మాకేసి ఓసారి చూసి, ఏమీ జరగనట్టే వెళ్ళిపోయాడు.

మేము ముగ్గురం మాత్రం కాసేపు మాట్లాడలేదు.

షెడ్డుకు తిరిగి వచ్చాక మావాడు బిల్లు కాగితం వెనక లెక్క వేసి నాకు చూపించాడు. అరవైకీ ఎనభైకీ తేడా మూడో వంతే గదా అనుకుంటాం. కాని బండిని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 36కు 64. ఇంచుమించు రెట్టింపు. “పరుగు పెంచేవాడు ముందు ఆగడం పెంచాలి నాన్నా” అన్నాడు. నేను పాతికేళ్ళు పాఠం చెప్పినా ఇంత సూటిగా చెప్పలేను.

ఈ పని చేయకూడదని నేననను. శ్రద్ధగా చేయించుకున్నవాళ్ళున్నారు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, తగిన రేడియేటరు, తూకం చూసిన షాఫ్టు, అన్నీ పెట్టించాలి. కాగితాల సంగతి మరవకూడదు. ఇంజను నంబరూ, సి.సి. రిజిస్ట్రేషను పత్రంలో ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ఉండాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చెప్పకుండా మార్చి, రేపు ప్రమాదం జరిగితే, ఇన్సూరెన్సు వాళ్ళ ముందు నోరు మెదపలేం.

అవన్నీ కలిపి లెక్క చూస్తే నా జీతానికి అందలేదు. అందీ అందని డబ్బుతో ఇంజను ఒక్కటే వేయించడానికి మనసొప్పలేదు.

చివరికి పాత ఇంజనుకే బోరు కొట్టించాం. అరిగిన సిలిండర్లను కాస్త వెడల్పు చేసి, నలభై థౌ పెద్ద పిస్టన్లు వేశారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. రేడియేటరు శుభ్రం చేయించాం. బ్రేకులకు కొత్త లైనింగులు వేయించాం. పొగ పోయింది.

మావాడు మళ్ళీ కాగితం తీశాడు. “నాన్నా, వెడల్పయిన బోరుకు లెక్క కడితే మన ఇంజను ఇప్పుడు 1531 సి.సి. నలభై రెండు పెరిగింది!”

“పెద్ద ఇంజను కావాలన్నావుగా. వచ్చింది” అన్నాను.

మొన్న మాఘమాసంలో మళ్ళీ అన్నవరం వెళ్ళాం. కొండ మీదికి మెల్లగానే ఎక్కింది. కొత్త కార్లు ఈసారీ మమ్మల్ని దాటిపోయాయి. రేడియేటరు మాత్రం పొంగలేదు. దిగేటప్పుడు మావాడు తోలాడు. ప్రతి మలుపు దగ్గరా ముందే గేరు తగ్గించి, బ్రేకును తాకీ తాకనట్టు తాకుతూ దిగాడు.

ముందు సీట్లో మా అమ్మ కూర్చున్నది. మధ్యన నేను కూర్చున్నాను. నడుము నొప్పి పుట్టిన మాట నిజమే గాని, ఆ సంగతి మా ఆవిడకు చెప్పలేదు.