మందుపాతర వెదకే చేయి అలసినప్పుడు

ప్రముఖులెవరైనా విశాఖపట్నం వస్తున్నారంటే, బీచ్ రోడ్డులో బాంబ్ స్క్వాడ్ సిబ్బంది మెటల్ డిటెక్టర్లతో తనిఖీ చేయడం మీరు చూసే ఉంటారు. పొడవైన కడ్డీ, దాని చివర పళ్లెంలాంటి కాయిల్. కాలిబాట అంచుల వెంట దానిని కుడికీ ఎడమకూ ఊపుతూ, సముద్రపు ఉక్కలో గంటల తరబడి నడుస్తారు. పాడేరు, చింతపల్లి వైపు ఘాట్ మార్గాలలో కల్వర్టు కల్వర్టుకూ ఆగి మందుపాతరల కోసం వెదకినవారి శ్రమ మాత్రం మన కంట పడదు. ఒక్క మందుపాతర దొరకకపోతే ఏమవుతుందో 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద చూశాము. ఆ వెదకే చేతిని గురించి ఒక వైద్యునిగా నాలుగు మాటలు చెప్పదలిచాను.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పోలండు సైనికాధికారి కొసాట్స్కీ రూపొందించిన డిటెక్టర్ దాదాపు 14 కిలోలు ఉండేది. 1942లో ఎల్ అలమెయిన్ ఎడారిలో సైనికులు దానినే మోశారు. నేటి పరికరం రెండు మూడు కిలోలే కదా, దానికింత చర్చ ఎందుకని మీరు అడగవచ్చు. అయితే శరీరం లెక్క తక్కెడ లెక్క వంటిది కాదు. ముంజేతిని పైకెత్తే కండరం మోచేతి కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఎముకను పట్టుకొని ఉంటుంది. బరువేమో అరచేతిలో, కీలుకు ముప్పై సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. కనుక రెండు కిలోలను నిలిపి ఉంచడానికి ఆ కండరం అంతకు ఆరేడు రెట్ల బలంతో లాగవలసి వస్తుంది. కాయిల్ ఇంకా ముందుకు పోయినకొద్దీ ఈ భారం పెరుగుతుంది. పైగా ఇది ఎత్తి దించే పని కాదు, ఎత్తి పట్టుకొనే పని. బిగిసిన కండరంలో రక్తప్రసరణ మందగిస్తుంది, మంట మొదలవుతుంది. భుజపు స్నాయువులు ఒరుసుకొని వాస్తాయి, మోచేతి వెలుపలి ఎముక దగ్గర పోటు పుడుతుంది. ఒకవైపు బరువుకు ప్రతిగా రెండవవైపు నడుము కండరాలు నిరంతరం బిగుసుకొని ఉంటాయి.

ఈ నొప్పిని సహించడం ధైర్యమని మన వాళ్లలో ఒక భావన ఉంది. నేను దానిని అంగీకరించను. చేయి అలసినవాడు తనకు తెలియకుండానే ఊపు చివర కాయిల్‌ను పైకి లేపుతాడు. నేలకూ కాయిల్‌కూ దూరం పెరిగితే లోహం నుండి వచ్చే సంకేతం అతివేగంగా క్షీణిస్తుంది. అంటే అలసిన చేయి కొంత నేలను వెదకకుండానే దాటిపోతుంది. ఇక్కడ భుజం నొప్పి ఒక మనిషి బాధతో ఆగదు, వెనుక వచ్చే వాహనంలోని వారందరి ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది.

పోలీసు జాగిలాన్ని చూడండి. అది నాలుక వేలాడేసి రొప్పుతుంటే వాసన పట్టే శక్తి తగ్గుతుందని శిక్షకుడు దానిని నీడకు తీసుకుపోతాడు, నీళ్లు పడతాడు. మనిషి నాలుక బయటపెట్టడు గనుక అతని అలసట ఎవరికీ పట్టదు.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. కడ్డీ పొడవును మీ ఎత్తుకు సరిచేసుకోండి. నిటారుగా నిలబడి, భుజం జారవిడిచి, మోచేయి పక్కటెముకల దగ్గర ఉండగానే కాయిల్ నేలకు చేరువగా రావాలి. నడుము వంగుతున్నదంటే కడ్డీ పొట్టిదని, చేయి చాపుతున్నారంటే పొడవైనదని అర్థం. ఒకే కడ్డీని ఆరడుగుల మనిషీ ఐదున్నర అడుగుల మనిషీ సరిచేయకుండా వాడడం నడుము నొప్పికి స్వాగతం పలకడమే. నడుము మెలిపెట్టి ఊపకండి. అడుగులు వేస్తూ, చిన్న ఊపులతో ముందుకు సాగండి. విడిగా తగిలించే బ్యాటరీ పెట్టె ఉంటే అది బెల్టుకు ఉండాలి గాని కడ్డీకి కాదు.

అన్నిటికంటే మేలు చేసేది భుజాల మీదుగా వచ్చి, నడుము దగ్గర వెడల్పాటి బెల్టుతో కలిసే పట్టీ. దానికి సాగే తాడుతో డిటెక్టర్‌ను వేలాడదీస్తే బరువు తుంటి ఎముకల మీదికి దిగుతుంది, చేతికి దారి చూపే పని మాత్రమే మిగులుతుంది. మన ఊరి నావికులకూ కావడి మోసే వారికీ తెలిసిన సూత్రమే ఇది.

విశ్రాంతి మాత్రం ఉద్యోగి చేతిలో లేదు. ఇరవై నిమిషాలకు ఒకసారి మనిషి మారాలని, మధ్యలో చేయి మార్చుకోవాలని నేనంటాను. దీనిని అనుమతిగా కాక ఉత్తర్వుగా ఇవ్వవలసినవారు అధికారులే. అడిగి తీసుకొనే విశ్రాంతిని మన సిబ్బందిలో ఎక్కువమంది అడగరు.

ఈ పనిలో ఉన్నవారు మీ ఇంట్లో ఉంటే ఒక మాట గమనించండి. రాత్రి భుజం నొప్పితో నిద్ర పట్టకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, గ్లాసు పట్టు జారిపోతున్నా నొప్పి మాత్రలతో నెట్టుకురాకుండా వైద్యునికి చూపించండి. నడుము నొప్పితోపాటు కాలు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా మరునాటి డ్యూటీ గురించి ఆలోచించక అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.