ఆంప్ కొనే ముందు తూము చూడండి

ఈ మధ్య మన హాస్టల్లో ఎక్కడ చూసినా హెడ్‌ఫోన్ల చర్చే. ఒకప్పుడు "ఏ ఫోన్ వాడుతున్నావ్ రా" అని అడిగేవాళ్లు, ఇప్పుడు "ఏ డాక్, ఏ ఆంప్" అని అడుగుతున్నారు. నాకూ ఈ పిచ్చి ఉంది కాబట్టి సంతోషమే. కానీ ఒక్క మాట మాత్రం అస్సలు నచ్చట్లేదు: "మంచి హెడ్‌ఫోన్ కొన్నావా? అయితే ఆంప్ లేకపోతే వేస్ట్." ఈ మాట నమ్మి ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ మొత్తం పెట్టినవాళ్లున్నారు. ఇంట్లో "ల్యాబ్‌కి కావాలి" అని చెప్పి ఈఎంఐ కట్టించుకుంటున్నవాళ్లూ ఉన్నారు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మనలో చాలామందికి విడిగా ఆంప్ అక్కర్లేదు. కొందరికి మాత్రం నిజంగా కావాలి. మీరు ఏ గుంపులో ఉన్నారో తేల్చుకోవడానికి యూట్యూబ్ రివ్యూలు అవసరం లేదు, ఇంటర్ ఫిజిక్స్ చాలు.

కాలువ లెక్క

మనం డెల్టా వాళ్లం కాబట్టి ఓమ్స్ లాని కాలువ భాషలోనే చెప్పుకుందాం. కాలువలో నీటిమట్టం ఎంత ఎత్తులో ఉందో అది వోల్టేజ్. తూములోంచి చేలోకి పారే నీరు కరెంట్. తూము ఎంత ఇరుగ్గా ఉందో అది ఇంపెడెన్స్, అంటే ఓమ్స్.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఉంది కదా, 1997లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న మోడల్. దాని ఇంపెడెన్స్ 300 ఓమ్స్, అంటే ఇరుకు తూము. నీరు కొంచెమే తీసుకుంటుంది కానీ మట్టం ఎత్తుగా ఉండాలి. దీనికి ఎదురుగా హైఫైమ్యాన్ వాళ్ల సుందర పెట్టండి. చైనా కంపెనీయే, పేరు మాత్రం మనది. అది 37 ఓమ్స్ ప్లానర్. తూము వెడల్పు ఎక్కువ, మట్టం తక్కువున్నా సరిపోతుంది, కానీ నీరు బాగా లాగుతుంది.

ఇక్కడే అందరూ పొరబడేది. "ఓమ్స్ ఎక్కువైతే ఆంప్ కావాలి, తక్కువైతే అక్కర్లేదు" అంటారు. ఇందులో సగమే నిజం. రెండో సగం సెన్సిటివిటీ: ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ మోగుతుంది అన్నది. హెచ్‌డీ 600కి అది 97, సుందరకి 94. అదే కంపెనీ పెద్ద మోడల్ సుస్వరకి 83 మాత్రమే. డెసిబెల్స్‌లో ప్రతి 10 పెరగడానికి పవర్ పది రెట్లు కావాలి. 97కీ 83కీ తేడా చూడ్డానికి చిన్నదే, పవర్‌లో మాత్రం అది 25 రెట్లు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మృదంగం దెబ్బ లాంటి పెద్ద పీక్ 110 డెసిబెల్స్ వరకు వెళ్లాలనుకుందాం. ఇది చాలా ఉదారంగా పెట్టుకున్న హద్దు, మామూలుగా మనం వినేది దీనికి చాలా కింద.

హెచ్‌డీ 600కి కావాల్సింది 20 మిల్లీవాట్లు. అంటే సుమారు 2.5 వోల్టులు, 8 మిల్లీ ఆంపియర్లు.
సుందరకి 40 మిల్లీవాట్లు. 1.2 వోల్టులు, 33 మిల్లీ ఆంపియర్లు.
సుస్వరకి 500 మిల్లీవాట్లు. 5.5 వోల్టులు, 91 మిల్లీ ఆంపియర్లు.

ఫోన్‌కి తగిలించుకునే చిన్న టైప్-సి డాంగిల్ ఒక వోల్ట్ ఇస్తుందనుకోండి. దాంతో హెచ్‌డీ 600 సుమారు 102 డెసిబెల్స్ వరకు వెళ్తుంది. సగటున 75 దగ్గర వింటూ, పీక్స్‌కి ఇంకో 20 వదిలినా 95. ఇంకా చోటు మిగిలింది! అదే సుస్వర అయితే ఆ డాంగిల్ మీద 95 దగ్గరే ఆగిపోతుంది. దానికి ఆంప్ కావాలి, ఒప్పుకుంటాను. కానీ 2017లో వచ్చినప్పుడు దాని ధర 6,000 డాలర్లు. అది కొన్నవాళ్లెవరూ మన మెస్‌లో పులిహోర క్యూలో నాకు కనబడలేదు.

మైక్‌సెట్ బాబాయి పాఠం

ఈ మ్యాచింగ్ అనేది ఏదో కొత్త ఆడియోఫైల్ విద్య అనుకోకండి. రాజోలు వైపు మా బాబాయి మైక్‌సెట్ నడుపుతాడు. జాతరలు, పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు. ఆహూజా ఆంప్లిఫయర్ వెనకాల 4, 8, 16 ఓమ్స్ అని, 70 వోల్ట్, 100 వోల్ట్ అని వేరేవేరే టెర్మినల్స్ ఉంటాయి. గుడి దగ్గర నాలుగు గరాటాలు కడితే ఏ టెర్మినల్‌కి కలపాలో, చెరువుగట్టు దాకా వైరు లాగితే ఏదానికి మార్చాలో ఆయనకి కాగితం లేకుండా తెలుసు. పదో తరగతితో చదువు ఆపేశాడు.

నేను ఈ ఆంప్ గొడవ చెప్తే ఆయన నవ్వాడు. "మిషన్ పెద్దదైతే సౌండ్ బాగుంటాదనుకుంటార్రా అందరూ. యూనిట్టుకి ఎంత కావాలో అంతే ఇవ్వాలి. ఎక్కువిస్తే యూనిట్టు పోద్ది, తక్కువిస్తే మిషన్ ఏడుద్ది." రెండు గంటల రివ్యూ వీడియోలో ఉన్న విషయం రెండు వాక్యాల్లో అయిపోయింది.

ట్యూబ్ ఆంప్ మ్యాజిక్ అంటే?

"లేదు, ట్యూబ్ ఆంప్ పెట్టగానే హెచ్‌డీ 600 సౌండే మారిపోయింది" అనే ఫ్రెండ్స్ ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. దాని కారణం ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ ఆంప్స్‌లో ఇది ఎక్కువగా ఉంటుంది, వంద ఓమ్స్ దాటడం మామూలే. హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ కూడా అన్ని చోట్లా 300 ఉండదు, బేస్ దగ్గర 500 పైకి పోతుంది. 120 ఓమ్స్ ఉన్న ఆంప్‌కి కలిపితే బేస్ దగ్గర వోల్టేజ్ ఎక్కువ మిగిలి, అక్కడ సుమారు ఒక డెసిబెల్ పెరుగుతుంది. ట్యూబ్ కలిపే కాస్త డిస్టార్షన్ కూడా తోడవుతుంది. దాన్నే "వార్మ్‌నెస్" అంటున్నారు.

అది నచ్చితే తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క డెసిబెల్ బేస్ ఫోన్‌లో ఈక్వలైజర్ జరిపినా వస్తుంది, ఉచితంగా. అదే ఆంప్‌కి 32 ఓమ్స్ హెడ్‌ఫోనో, లోపల నాలుగైదు డ్రైవర్లున్న ఐఈఎమ్మో తగిలిస్తే సౌండ్ అడ్డదిడ్డంగా మారిపోతుంది. అందుకే ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకుండా చూసుకోమంటారు. కొనేముందు స్పెక్ షీట్‌లో నేనైతే వాట్స్ కంటే ముందు ఈ నంబరే వెతుకుతాను.

ఇంకో మాట. రెండు ఆంప్స్ పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానంగా పెట్టకపోతే ఆ పోలిక చెల్లదు. ఒక డెసిబెల్ ఎక్కువ మోగేది మన చెవికి "క్లారిటీ ఎక్కువ" అనిపిస్తుంది. షాపులో డెమో ఇచ్చేవాళ్లకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

యాక్సెసరీస్‌లో నా ఓటు ఇయర్ ప్యాడ్స్‌కి. ప్యాడ్ మారిస్తే డ్రైవర్‌కీ చెవికీ దూరం, సీల్ మారతాయి, బేస్ స్పష్టంగా మారుతుంది. అది కొలవగలిగే తేడా. పైగా మన ఊళ్ల ఉక్కపోతకి రెక్సిన్ లాంటి ప్యాడ్స్ పొరలు పొరలుగా రాలి, మెడ మీద నల్లటి చుక్కలు అతుక్కుంటాయి. క్లాత్, వెల్వెట్ రకాలు కాస్త నయం. వానాకాలంలో డబ్బాలో రెండు సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టండి, బూజు పట్టదు.

ఖరీదైన కేబుల్‌కి నా ఓటు లేదు. మీటరున్నర రాగి తీగ నిరోధం హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ ముందు లెక్కలోకి రానంత చిన్నది. పాతది తెగితే గట్టిగా ఉండేది ఒకటి కొనుక్కోండి, చాలు. హెడ్‌ఫోన్‌లో "గుయ్" మని హమ్ వస్తోందా? ముందు చార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి. హమ్ ఆగిపోతే దోషం చార్జర్‌దో గదిలో ఎర్తింగ్‌దో. వెండి పూత కేబుల్ దాన్ని ఆపలేదు.

అన్నిటికంటే పెద్ద యాక్సెసరీ మన గది. హెచ్‌డీ 600, సుందర, సుస్వర మూడూ ఓపెన్ బ్యాక్. ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే ఆ చప్పుడంతా లోపలికొస్తుంది, మీ పాట పక్క మంచం మీద పడుకున్నవాడికి వెళ్తుంది. నలుగురుండే రూమ్‌లో చెవికి సరిగ్గా పట్టే మామూలు ఐఈఎమ్ చూపించే వివరాలు ఓపెన్ బ్యాక్ చూపించలేదు.

టెస్ట్ పాటలు మనవే పెట్టండి

రివ్యూవర్లందరూ "హోటల్ కాలిఫోర్నియా" లైవ్ వెర్షన్‌తోనే టెస్ట్ చేస్తారు. మంచి రికార్డింగే, కాదనను. కానీ ఆ గిటార్ ఎదురుగా వింటే ఎలా ఉంటుందో మనలో ఎంతమందికి తెలుసు? వీణ, మృదంగం, తంబుర అయితే ఏ గుడి దగ్గరో, ఏ ఉత్సవంలోనో ఒక్కసారైనా విని ఉంటాం. పోల్చడానికి చెవిలో ఒక కొలత ఉంటుంది.

పైగా మన డెల్టా దగ్గర ఉన్నంత టెస్ట్ మెటీరియల్ ఎవరి దగ్గరుంది? ఈమని శంకరశాస్త్రి ద్రాక్షారామం. చిట్టిబాబు కాకినాడ. బాలమురళీకృష్ణ శంకరగుప్తం. మాండలిన్ శ్రీనివాస్ పాలకొల్లు. కీరవాణి గోదావరి అవతలి గట్టు కొవ్వూరు.

వీణలో తీగ మీటిన క్షణం, తర్వాత తీగ లాగుతూ వేసే గమకం, గుర్రం మీది ఇత్తడి రేకు వల్ల వచ్చే సన్నటి జీర, ఈ మూడూ విడివిడిగా వినిపించాలి. ట్రెబుల్ ఎక్కువ పెట్టిన హెడ్‌ఫోన్‌లో జీర మాత్రమే మిగిలి చెక్క మాయమవుతుంది. బేస్ ఉబ్బిన దాంట్లో కుండ మోగినట్టుంటుంది, గమకం మసకబారుతుంది. బాలమురళి మంద్రంలోకి దిగినప్పుడు గొంతు సన్నబడకూడదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద వేగంగా వాయిస్తున్నప్పుడు ఏ స్వరానికి ఆ స్వరం విడిగా పడాలి, ముద్ద కాకూడదు.

ఒక జాగ్రత్త. పాత సినిమా పాటలు మోనో. "మాయాబజార్" 1957 నాటిది. అది తల మధ్యలోంచి వినిపిస్తే హెడ్‌ఫోన్‌ని తిట్టకండి. ఇక నెట్‌లో దొరికే పాత కచేరీల్లో ఎన్నో క్యాసెట్ నుంచి కంప్యూటర్‌కి ఎక్కి, రెండు మూడుసార్లు కంప్రెస్ అయి వచ్చినవే. ఆ గరగర ఏ ఆంప్ పెట్టినా పోదు. ఆంప్‌కి పెట్టే డబ్బులో పదో వంతు పెట్టి మంచి కాపీ సంపాదిస్తే తేడా ఎక్కువ.

సాహితీ క్లబ్ పత్రిక కాబట్టి ఇంకోటి అడుగుతాను. సౌండ్ గురించి మనం ఎందుకు అంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడుతున్నాం? నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే, అయినా "సిబిలెంట్" కంటే "స, శ దగ్గర బుస కొడుతోంది" అంటే నాకే బాగా అర్థమవుతుంది. ఖంగుమనడం, కీచుమనడం, బొంగురు, జీర, గుమ్ముమనడం, మంద్రం. ఇన్ని మాటలు పెట్టుకుని అరువు మాటలతో రివ్యూ రాయడం నాకు వింతగా ఉంది.

అప్‌గ్రేడ్ లేనిది ఒక్కటే

ఇందాక చెప్పిన మా బాబాయికి ఇప్పుడు పక్క గదిలో కుక్కర్ విజిల్ వినపడదు. పిన్ని వచ్చి స్టవ్ ఆపుతుంది. పాతికేళ్లు గరాటాల కింద కూర్చున్న ఫలితం. మనుషులు మాట్లాడేది వినిపిస్తుంది గానీ ఏ మాట అన్నారో తెలీదు, అందుకే ఫంక్షన్లలో ఊరికే నవ్వి ఊరుకుంటాడు. వీణ క్యాసెట్లు వినేవాడు, ఇప్పుడు పెట్టట్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే టైమ్ సగం. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. ఆంప్‌లో మిగిలిపోయిన పవర్ ఊరికే ఉండదు, చెయ్యి నాబ్ మీదకి పోతూనే ఉంటుంది. అవసరం లేని ఆంప్ కొనొద్దు అనడానికి డబ్బు కంటే నాకు పెద్ద కారణం ఇదే.

నా మాట తప్పని అనుకునేవాళ్లు తప్పక ఉంటారు. వాళ్లకి ఒక ప్రపోజల్. సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక ఒక సాయంత్రం క్లబ్ రూమ్‌లో కూర్చుందాం. నేను డాంగిల్ తెస్తాను, మీరు మీ ఆంప్ తీసుకురండి, హెడ్‌ఫోన్ ఒకటే. ఈసీఈ వాళ్లని అడిగి మల్టీమీటర్‌తో రెండిటి వాల్యూమ్ సమానం చేద్దాం. చిట్టిబాబు వీణ పెట్టి, ఏది మోగుతోందో చూడకుండా పదిసార్లు చెప్పాలి. పదికి తొమ్మిది కరెక్ట్ చెప్పినవాళ్ల పేరు వచ్చే సంచికలో వేయమని నేనే ఎడిటర్‌ని అడుగుతాను, ఆ రివ్యూ కూడా వాళ్లే రాయాలి. తెలుగులో.