కంప్యూటరు చరిత్రలో మన హైదరాబాదు

గత సంవత్సరం తరగతిలో విద్యార్థులను మేము ఒక ప్రశ్న అడిగాము: "కంప్యూటరు ఎక్కడ పుట్టింది?" ఇంగ్లండులో, బాబేజి ఆలోచనలో అన్నారు కొందరు. అమెరికాలో ఎనియాక్ అన్నారు మరికొందరు. దానిలో సుమారు 18,000 వాక్యూమ్ గొట్టాలుండేవనీ, బరువు 30 టన్నులనీ ఒక విద్యార్థిని తడుముకోకుండా చెప్పింది. సంతోషించాము. "మరి మన తెలుగునాట కంప్యూటర్లను తయారు చేసినదెవరు?" అన్న రెండవ ప్రశ్నకు మాత్రం తరగతి యావత్తూ మౌనం వహించింది.

ఆ మౌనానికి విద్యార్థులను నిందింపలేము. చెప్పవలసినవారము చెప్పలేదు. తెలుగు పాఠం చెప్పుకొనే అధ్యాపకునికి యంత్రాల గొడవ ఎందుకని ఎవరైనా నవ్వుకోవచ్చు, నవ్వుకోనిండు.

1967లో కేంద్ర అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్, ఏర్పడింది. దానికి ప్రాణం పోసినవారు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, అటుపైన అమెరికాలోని స్టాన్‌ఫర్డులోను చదివారు. 1956లో ట్రాంబేలో పనిచేయ నారంభించిన మన మొదటి అణు రియాక్టరు 'అప్సర'కు నియంత్రణ పరికరాలను సమకూర్చినది వారి బృందమే. అటువంటి పరికరాలకు పరదేశాల దయపై ఆధారపడరాదన్న పట్టుదలలోనే ఈ సంస్థకు బీజం ఉన్నది.

అంతకు ముందు దేశంలో కంప్యూటర్లు లేవని కాదు. కలకత్తాలోని గణాంక సంస్థ 1956 నాటికే బ్రిటన్ నుండి ఒకదానిని తెప్పించుకొన్నది. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ గారి బృందం స్వయంగా నిర్మించిన టిఫ్రాక్ 1960లో పని మొదలుపెట్టింది. అయితే పరిశోధనాలయంలో ఒక్క యంత్రాన్ని నిలబెట్టడం వేరు, కొనేవారి కోసం వరుసగా తయారు చేయడం వేరు. ట్రాంబేలో రూపొంది 1969లో వెలువడిన టీడీసీ-12 తో ఈ రెండవ పనికి పూనుకొన్నది హైదరాబాదు. తరువాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి.

ఆ కాలపు యంత్రాల జ్ఞాపకశక్తి ఎట్లుండేదో ఈనాటి విద్యార్థి ఊహించడం కష్టం. ఆవగింజలవంటి ఫెర్రైట్ వలయాలు. వాటి నడుమ నుండి వెంట్రుకల వంటి తీగలు. మల్లెమొగ్గలు మాల కట్టినంత ఓర్పుతో, చేతులతో గ్రుచ్చవలసిన పని. వలయాన్ని ఒక దిశలో అయస్కాంతీకరిస్తే ఒకటి, ఎదురు దిశలో అయితే సున్న. విద్యుత్తు పోయినా ఆ గుర్తు పోదు. చిత్రమేమిటంటే, చదివితే మాత్రం చెరిగిపోతుంది. చదివిన వెంటనే యంత్రం దానిని తిరిగి వ్రాసుకోవాలి. 12 బిట్ల యంత్రంలో 4,096 పదాలను దాచాలంటే 49,152 వలయాలు కావాలి. ఈనాటి పద్ధతిలో తెలుగు లిపిలో దాచబూనితే ఈ చిన్న వ్యాసం కూడా అందులో పూర్తిగా పట్టదు.

ఈ కథ అంతా విజయమే అని మేము అనము. 1970ల చివర చిన్న కంప్యూటర్ల తయారీ ప్రైవేటు సంస్థలకూ దక్కింది. 1984 నాటి విధానం దిగుమతులను సులభం చేసింది. పోటీలో టీడీసీలు నిలువలేదు. కాని ఆ చేతులు నేర్చిన పని వృథా పోలేదు. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాలలో తొలిసారి ఓటింగు యంత్రాలను వాడారు. ఆ యంత్రం నమూనాను 1979లో తయారు చేసినది ఈసీఐఎల్. ఇప్పటికీ మన తల్లిదండ్రులు మీట నొక్కే యంత్రాలను తయారు చేసే రెండు ప్రభుత్వ సంస్థలలో అది ఒకటి.

'అల్గారిథమ్' అన్న మాట తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి వచ్చిందని మనవారు సభలలో గర్వంగా చెప్పుకొంటారు. చెప్పుకోవలసిందే. ఆయన మన దేశపు అంకెలను గురించి గ్రంథం వ్రాసినవాడు కూడా. కాని పన్నెండు వందల ఏళ్ల నాటి బాగ్దాదు మనకు చేరువై, యాభై ఏళ్ల నాటి హైదరాబాదు దూరం కావడమేమి?

ఇదంతా ఇప్పుడు వ్రాయడానికి కారణం లేకపోలేదు. మన కళాశాల సామాన్ల గదిలో దుమ్ము పట్టిన పాత కంప్యూటర్లను తూకానికి అమ్మాలన్న ప్రతిపాదన ఉన్నది. గదికి చోటు కావాలి, కాదనము. ఆ పెట్టెలలో ఫెర్రైట్ వలయాలు ఉండవు, అవి హైదరాబాదు యంత్రాలూ కావు. అయినా మూత తీసి, జ్ఞాపకశక్తి ఎక్కడ, లెక్క చేసే భాగమెక్కడ అని వేలితో తాకి చూడగల యంత్రం మన పిల్లలకు మరొకటి లేదు. చేతిలోని ఫోను మూత వారు తీయలేరు.

కనుక కమిటీ పెద్దలకు మా మనవి. తక్కినవి అమ్మండి, రెండింటిని ఉంచండి. మూతలు తీసి గ్రంథాలయంలో కిటికీ ప్రక్క బల్లపై పెట్టిద్దాము. టీడీసీల కథను తెలుగులో మేము వ్రాసి ఇస్తాము. ఉర్దూలో వ్రాయడానికి ఉర్దూ శాఖవారు ముందే ఒప్పుకొన్నారు. బల్ల మాత్రం కమిటీవారు ఇప్పించాలి.